ఆరు తొట్లు, ఒక ఫిల్టరు: నీళ్ళు కలపాలా, గాలి కలపాలా?

మన లైను ఇళ్ళల్లో ఈ మధ్య చేపల తొట్లు ఎక్కువైనాయి. పిల్లల సరదాకి ఒకటి కొంటారు. గప్పీ, మోలీ లాంటివి నెలకొకసారి పిల్లలు పెడతాయి కదా, తొట్టి చాలదు. రెండోది కొంటారు, తర్వాత మూడోది. అప్పటికి ఇంట్లోవాళ్ళకి ఒక ఆలోచన వస్తుంది. వీటిని పెంచి అంగడికి అమ్మితే చేతి ఖర్చుకు అయినా వస్తుంది కదా అని. మిల్లు పని అయిపోయిన మనలాంటివాళ్ళకి అది చిన్న సంగతి కాదు. ఇ.పి.ఎస్. 95 పింఛను కనీసం 1,000 రూపాయలు అని 2014లో పెట్టినారు. ఆ 1,000తో ఈ రోజుల్లో ఏమి వస్తుందో మీకు నేను చెప్పక్కరలేదు.

తొట్లు మూడు దాటినాక అందరూ అడిగే మాట ఒకటే. "ఒక్కొక్క తొట్టికి ఒక్కొక్క ఫిల్టరు ఎందుకు అన్నా, అన్నిటికీ కలిపి ఒకటే పెడితే పోదా?" గుడియాత్తంలో మా వరసలోనే నన్ను ఈ మాట అడిగినవాళ్ళు పది మంది ఉంటారు. నేను చదివింది అయిదో తరగతి. కానీ మిల్లులో ఫిట్టరుగా చేసినాను కాబట్టి పైపు, వాల్వు, మోటరు అంటే భయం లేదు. నాలుగేళ్ళుగా ఒకే ఫిల్టరు మీద తొట్లు నడుపుతున్నాను. దాంట్లో లాభం ఏమి, కట్టేది ఎట్లా, దెబ్బ ఎక్కడ తగులుతుంది అని వరసగా చెప్తాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఒకే ఇంట్లో, ఒకే మాదిరి చేపలు ఉంటే నీళ్ళు కలపవచ్చు. రెండు ఇళ్ళ మధ్య అయితే గాలి మాత్రమే కలపండి. ఎందుకో కింద చదవండి.

ఫిల్టరు చేసే పని

ఫిల్టరు అంటే చెత్త వడగట్టేది అని చాలామంది అనుకుంటారు. అది సగం పనే. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీళ్ళల్లో అమ్మోనియా చేరుతుంది. అది కంటికి కనపడదు. నీళ్ళు తేటగా ఉన్నా చేప చచ్చిపోయేది దానివల్లనే. మన బోరు నీళ్ళు ఉప్పు, సున్నం ఉన్న నీళ్ళు. అట్లాంటి నీళ్ళల్లో, అందులోనూ వేడి ఎక్కువగా ఉంటే, అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ పని చేస్తుంది.

ఈ అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉంది. ఒక రకం దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు అంత కీడు చేయదు, వారానికి ఒకసారి కొంచెం నీళ్ళు మారిస్తే చాలు. ఈ బ్యాక్టీరియా ఎక్కడ కాపురం ఉంటుంది అంటే ఫిల్టరులోని స్పాంజిలో, రాళ్ళ మీద. కొత్త ఫిల్టరులో ఇది నిండడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే కొత్త తొట్టిలో మొదటి నెల చేపలు ఎక్కువగా చస్తాయి. "నా చేతికి అచ్చి రాలేదు" అంటారు. చేతిలో ఏమీ లేదు, ఆ నెల ఓపిక పట్టాలి, రెండు మూడు చేపలతోనే మొదలుపెట్టాలి.

ఫిల్టరు స్పాంజిని పంపు నీళ్ళల్లో కడగకూడదు. ఆ నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది, ఉన్న బ్యాక్టీరియా కాస్తా పోతుంది. తొట్టిలో నుంచి ఒక బకెట్టు నీళ్ళు తీసి అందులో పిండి పెట్టేయండి.

కలిపితే ఏమి లాభం

మొదటి లాభం నీళ్ళ ఎక్కువతనం. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు తొట్టిలో 50 లీటర్ల నీళ్ళు పడతాయి. అట్లాంటివి ఆరు, కింద ఫిల్టరు తొట్టిలో ఇంకో 60 లీటర్లు, మొత్తం 360 లీటర్లు. ఒక పిలగాడు ఒక తొట్టిలో మేత గుప్పెడు కుమ్మరించినాడు అనుకోండి. విడి తొట్టి అయితే సాయంత్రానికి నీళ్ళు చెడిపోతాయి. కలిపిన తొట్టి అయితే ఆ చెడు 360 లీటర్లలో పలచబడిపోతుంది. వేడి కూడా అంతే. అగ్ని నక్షత్రం ఎండల్లో 50 లీటర్ల నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, 360 లీటర్లు నిదానంగా వేడెక్కుతాయి.

రెండో లాభం పని. ఆరు ఫిల్టర్లు కడగడం బదులు ఒకటి కడిగితే చాలు. నీళ్ళు మార్చేది కూడా ఒకే చోట, కింది తొట్టిలో.

మూడోది కరెంటు అంటారు. ఇక్కడ లెక్క వేసి చూడండి. ఒక్కొక్కటి 8 వాట్ల చిన్న ఫిల్టర్లు ఆరు పెడితే 48 వాట్లు. రాత్రి పగలు నడిస్తే రెండు నెలలకి 69 యూనిట్లు. అన్నిటికీ కలిపి 40 వాట్ల మోటరు ఒకటి పెడితే రెండు నెలలకి 58 యూనిట్లు. మిగిలింది 11 యూనిట్లే. 2016లో మన ఇళ్ళకి రెండు నెలలకి 100 యూనిట్లు ఉచితం అని పెట్టినారు. అందులో సగం పైన ఈ ఒక్క మోటరే తినేస్తుంది. కాబట్టి కరెంటు మిగులుతుంది అని ఆశపడి ఎవరూ దీన్ని కట్టవద్దు.

కట్టే విధానం

తొట్లని ఇనుప స్టాండు మీద రెండు వరసలుగా పెట్టినాము, పైన మూడు, నడుమ మూడు. అడుగున, నేల మీద, 100 లీటర్లు పట్టే తొట్టి. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో. ఆరు తొట్లు నిండితే 300 కిలోలు, గాజు బరువు వేరే. స్టాండు వెల్డింగు చేయించేటప్పుడు ఈ బరువు చెప్పి చేయించండి. నేల సమంగా ఉందా అని మట్టం పెట్టి చూడండి.

ప్రతి తొట్టికి పైభాగంలో ఒక బెజ్జం. నీళ్ళు ఆ బెజ్జం దాకా వచ్చినాక పొంగి, 1 అంగుళం పైపులో కిందికి దిగుతాయి. గాజుకి బెజ్జం వేయడానికి వజ్రపు బిట్టు కావాలి, నీళ్ళు పోస్తూ నిదానంగా తొలచాలి. నిప్పుతో గట్టిచేసిన టఫెండ్ గాజు అయితే తొలచకూడదు, ముక్కలైపోతుంది. కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. బెజ్జానికి లోపలవైపు సన్నటి జాలీ పెట్టకపోతే గప్పీ పిల్లలు అన్నీ కింది తొట్టిలోకి పోతాయి.

బెజ్జం వేయకుండా, గోడ మీదుగా వంచిన పైపుతో నీళ్ళు లాగేవాళ్ళు కూడా ఉన్నారు. వేలూరు అంగళ్ళల్లో అట్లాంటివి అమ్ముతారు. నేను దాన్ని ఒప్పుకోను. ఆ పైపులో గాలి చేరితే లాగడం ఆగిపోతుంది. మోటరు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది. తెల్లారి లేచేసరికి ఇల్లంతా నీళ్ళు.

ఆరు తొట్ల నీళ్ళు విడివిడిగా నేరుగా కిందికి దిగాలి. ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి, దాని నుంచి మూడోదానికి అని గొలుసుగా పెడితే, చివరి తొట్టికి ముందున్న అయిదింటి మురికి చేరుతుంది.

కింది తొట్టిలో మూడు గదులు. మొదటి గదిలో చెత్త పట్టే దూది. ఇక్కడ మనవాళ్ళకి ఒక హెచ్చరిక. మిల్లు కాటన్ వేస్టు ఊరికే దొరుకుతుంది కదా అని వేయకండి. పత్తి నీళ్ళల్లో కుళ్ళిపోతుంది. మగ్గం దగ్గర నూలు అయితే గంజి, ఆయిలు కూడా ఉంటాయి. తలగడల్లో నింపే పాలిస్టరు దూది కుళ్ళదు, అది వేయండి. రెండో గదిలో బాగా కాలిన ఇటుక ముక్కలు, చిల్లుల రాళ్ళు. బ్యాక్టీరియా కాపురం అక్కడే. మూడో గదిలో మోటరు.

మోటరు ఎంతది కొనాలి? మొత్తం నీళ్ళు గంటకి నాలుగు సార్లు తిరగాలి. 360 లీటర్లకి నాలుగు సార్లు అంటే సుమారు 1,400 లీటర్లు. పెట్టె మీద రాసిన లెక్క ఎత్తు లేనప్పుడు వచ్చే లెక్క. అయిదు అడుగులు పైకి తోయాలంటే చాలా తగ్గిపోతుంది. అందుకని 2,500 లీటర్లు అని రాసినది కొన్నాను. పైకి పోయే పైపు అర అంగుళం, దిగే పైపు 1 అంగుళం. దిగేది ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి. ప్రతి తొట్టికి ఒక వాల్వు పెట్టండి, ఏది కావాలంటే అది మూసుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు

మా నాయన కూడా మిల్లు మనిషే. ఆయన చేరిన కాలంలో ఒక పెద్ద మోటరు, పైన దూలాల కింద పొడుగు షాఫ్టు, దాని మీద నుంచి ఒక్కొక్క మిషనుకి తోలు బెల్టు. షాఫ్టు ఆగితే షెడ్డు మొత్తం ఆగుతుంది. నేను చేరేటప్పటికి మిషనుకి ఒక మోటరు వచ్చేసింది, ఒకటి ఆగినా పక్కది నడిచేది. కలిపిన ఫిల్టరు ఆ పాత షాఫ్టు మాదిరి. ఇది ఆగితే ఆరూ ఆగుతాయి.

కరెంటు పోతే రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, బెజ్జం పైన ఉన్న నీళ్ళు అన్నీ కిందికి దిగుతాయి. ఒక్కొక్క తొట్టిలో రెండు సెంటీమీటర్లు దిగినా మూడున్నర లీటర్లు, ఆరింటికి 21 లీటర్లు పైన. పైపుల్లో ఉన్నది ఇంకా కొంచెం. అందుకే 100 లీటర్ల కింది తొట్టిలో 60 లీటర్లే ఉంచాలి. నిండుగా పెట్టుకుంటే నేల మీదికి పొంగుతుంది. రెండు, పైకి తోసే పైపు కొస నీళ్ళల్లో మునిగి ఉంటే నీళ్ళు దాంట్లో నుంచి వెనక్కి లాగబడతాయి. ఆ పైపుకి నీళ్ళ మట్టానికి కాస్త కింద ఒక చిన్న చిల్లు వేయండి. నీళ్ళు ఆ చిల్లు దాకా దిగితే గాలి దూరి, లాగడం ఆగిపోతుంది. ఆ చిల్లులో పాచి పట్టకుండా నెలకి ఒకసారి పుల్లతో పొడవాలి.

అన్నీ అయినాక ఒక రోజు కూర్చుని, మీరే స్విచ్చి ఆపి చూడండి. పది నిమిషాలు ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపి. నేల తడవకుండా ఉంటేనే చేపలు వేయండి. కరెంటు ఎక్కువ సేపు పోయే ఊళ్ళల్లో బ్యాటరీతో నడిచే గాలి మోటరు ఒకటి ఇంట్లో ఉండాలి. ఎండాకాలం వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపలు తొందరగా నోళ్ళు పైకి పెడతాయి.

రోగం వచ్చినప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఆరు తొట్లూ నావి కావు. మూడు నావి. రెండు పక్కింటి చెల్లెమ్మవి. ఆమె భర్త నాతో పని చేసినవాడు, ఇప్పుడు లేడు. ఒకటి వెనక ఇంటి పిలగాడిది, ప్లస్ టూ చదువుతున్నాడు. మా వరండా పొడుగ్గా ఉంది కాబట్టి అందరం కలిసి ఇక్కడే కట్టినాము. ఖర్చు పంచుకున్నాము. ఏడాది పైన బాగా నడిచింది. చెల్లెమ్మ నల్ల మోలీలు పెంచి అంగడికి ఇచ్చేది.

డిసెంబరు చలిలో ఆ పిలగాడు ఒక సంత అంగట్లో నాలుగు చేపలు కొని తెచ్చి తన తొట్టిలో వదిలినాడు. చూడటానికి బాగానే ఉన్నాయి. అయిదో రోజు వాటి రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. వారం తిరిగేసరికి ఆరు తొట్లలోనూ అవే చుక్కలు. చేపలు రాళ్ళకి రుద్దుకుంటున్నాయి, మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి.

ఈ తెల్ల చుక్క రోగం ఒక సన్నటి పురుగు వల్ల వస్తుంది. అది చేప చర్మం కింద బలిసి, ఊడి, అడుగున పడి, వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ ఇంకో చేపని వెతుక్కుంటాయి. నీళ్ళు ఎక్కడికి పోతే అవి అక్కడికి పోతాయి. దూది వాటిని ఆపలేదు. మందు అయినా చేప మీద ఉన్నప్పుడు పని చేయదు, నీళ్ళల్లో ఈదేటప్పుడే చంపుతుంది. కాబట్టి ఒకసారి వేసి వదిలితే పోదు, చాలా రోజులు వేయాలి.

ఇంకో చిక్కు ఉంది. కలిపిన నీళ్ళల్లో ఒక తొట్టికి మాత్రం మందు వేయలేము. వేసినది అన్నిటికీ పోతుంది. కొన్ని మందులు ఫిల్టరులోని బ్యాక్టీరియానే చంపుతాయి. ఉప్పు కొన్ని చేపలు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. మేము వాల్వులు మూసి, తొట్లు విడదీసి, ఒక్కొక్క దానికి గాలి పెట్టి మందు వేసినాము. నా మూడు తొట్లలో సగం మిగిలినాయి. చెల్లెమ్మ మోలీలు సంక్రాంతికి అమ్మవలసినవి, 140 దాకా ఉండేవి. 30 మిగిలినాయి. ఆ డబ్బు కూతురి కాలేజీ పరీక్ష ఫీజుకి అని పక్కన పెట్టుకున్న లెక్క.

ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. రెండు రోజుల తర్వాత వచ్చి ఇట్లా అన్నది. "అన్నా, నా తొట్టిలో ఏమి వేయాలో నేను చూసుకుంటాను. పక్క తొట్టిలో ఎవరు ఏమి వేస్తారో నాకు ఎట్లా తెలుస్తుంది? నా నీళ్ళు నాకు విడిగా ఇచ్చేయండి." అది సరైన మాట. పిలగాడు ఏడ్చినాడు, వాడిది పాపం అని కూడా అనలేము. చేప కొన్నవాడు ఎవరైనా తన తొట్టిలోనే వేసుకుంటాడు. కానీ నీళ్ళు ఒకటైనప్పుడు "తన తొట్టి" అని ఒకటి లేదు.

పెద్ద చోట్ల ఎట్లా చేస్తారు

మన జిల్లాల్లోనే ఇట్లాంటి ఉమ్మడి వడపోత చాలా పెద్దగా ఉంది. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు ఫ్యాక్టరీల మురికి నీళ్ళు పాలారులో కలిసి బావులు చెడిపోయినాయి. వేలూరు పౌరుల సంక్షేమ సంఘం కేసు వేసింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మురికి చేసినవాడే దానికి ఖర్చు పెట్టుకోవాలి అని ఆ తీర్పులో ఉన్న ముఖ్యమైన మాట. ఒక్కొక్క చిన్న ఫ్యాక్టరీ సొంతంగా శుద్ధి ప్లాంటు కట్టలేదు కాబట్టి అందరూ కలిసి వాడే ఉమ్మడి ప్లాంట్లు ఉన్నాయి. కానీ అక్కడ కూడా ఎవరి నీళ్ళు వాళ్ళు ముందు తమ దగ్గర మొదటి శుద్ధి చేసి, ఆ తర్వాతే ఉమ్మడి పైపులోకి వదలాలి. ఉమ్మడి ప్లాంటు ఉంది కదా అని ఏది పడితే అది పంపడానికి లేదు.

చేపలకే ఉమ్మడి ఫిల్టరు వాడేది పరిశోధనశాలల్లో. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. లాంటి చోట్ల జీబ్రా చేపల మీద పరిశోధన చేస్తారు. ఆ చేప మన దేశపు ఏళ్ళల్లో పుట్టినదే, వేలెడు కూడా ఉండదు. అట్లాంటి పరిశోధనశాలల్లో అరల నిండా చిన్న తొట్లు, అన్నిటికీ కలిపి ఒకే నీళ్ళు. వాళ్ళు దూది, బ్యాక్టీరియా గది దాటినాక నీళ్ళని యు.వి. దీపం ముందు నుంచి పంపుతారు. ఈదే రోగ క్రిములు అక్కడ చస్తాయి. అయినా సరే, బయటి నుంచి వచ్చిన చేపని నేరుగా ఆ నీళ్ళల్లోకి రానివ్వరు. వేరే గదిలో విడిగా ఉంచుతారు. చాలా చోట్ల పెద్ద చేపని తీసుకోకుండా గుడ్లే తెచ్చి, బ్లీచింగు నీళ్ళల్లో కడిగి పొదిగిస్తారు. యు.వి. దీపం పెట్టుకున్నవాళ్ళే అంత జాగ్రత్త పడుతుంటే మనం ఎంత పడాలి?

గాలి కలపడం

చెన్నై కొళత్తూరులో రంగు చేపల అంగళ్ళు వరసగా ఉన్నాయి, మన అంగళ్ళకి చాలా చేపలు అక్కడి నుంచే వస్తాయి. అమ్మకానికి పెంచేవాళ్ళ దగ్గర ఎక్కువగా కనపడేది ఏమంటే, గాలి తోసే మోటరు ఒకటి, దాని నుంచి తొట్టి తొట్టికీ సన్న గొట్టం, ప్రతి తొట్టిలో ఒక స్పాంజి ఫిల్టరు. బుడగలు పైకి లేచేటప్పుడు నీళ్ళని స్పాంజిలో నుంచి లాగుతాయి. చెత్త స్పాంజికి పడుతుంది, బ్యాక్టీరియా స్పాంజిలోనే పెరుగుతుంది. గాలి అందరిదీ, నీళ్ళు ఎవరివి వాళ్ళవి. మిల్లులో కంప్రెసరు రూము ఒకటే ఉండి అన్ని మిషన్లకీ గాలి పోతుంది కదా, అదే పద్ధతి.

మేము కూడా ఇప్పుడు అట్లాగే మార్చినాము. నా మూడు తొట్లు పాత ఫిల్టరు మీదే ఉన్నాయి. చెల్లెమ్మవి రెండు, పిలగాడిది ఒకటి, వేరు తొట్టి ఒకటి గాలి మీద. 10 వాట్ల గాలి మోటరు నాలుగింటికీ సరిపోయింది. రెండు నెలలకి 14 యూనిట్లు, అంతే. స్పాంజి విడివిడిగా కడగాలి, అది ఒక్కటే ఎక్కువ పని. గాలి మోటరుని నీళ్ళ మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలో నుంచి మోటరులోకి వస్తాయి.

మా వరండాలో ఒప్పుకున్న మాటలు

చివరికి ముగ్గురం కూర్చుని కొన్ని మాటలు ఒప్పుకున్నాము. పిలగాడు వాటిని అట్ట మీద రాసి గోడకి తగిలించినాడు. మీరు కలిపి కట్టుకునే ముందు ఇవి మాట్లాడుకోండి.

1. కొత్త చేప ఏదైనా, ఎవరిదైనా, వేరు తొట్టిలో నాలుగు వారాలు ఉండాలి. దాని వల, దాని బకెట్టు, దాని గొట్టం వేరే. తడి చేయి కూడా కడుక్కోకుండా ఇంకో తొట్టిలో పెట్టకూడదు.

2. ఒకే నీళ్ళ మీద ఉన్న తొట్లలో ఒకే మాదిరి నీళ్ళు కోరే చేపలే ఉండాలి. మన బోరు నీళ్ళు గప్పీకి, మోలీకి సరిపోతాయి. మెత్తని నీళ్ళు కోరే టెట్రాలని వాటితో కలపకూడదు.

3. మందు, ఉప్పు వేయాలంటే ముందు వాల్వు మూయాలి, అందరికీ చెప్పాలి.

4. పంపు నీళ్ళు అయితే పట్టి, మూత లేకుండా ఒక రోజు ఉంచి, తర్వాత పోయాలి. వారానికి అయిదో వంతు కంటే ఎక్కువ మార్చకూడదు.

5. కరెంటు డబ్బులు ఎవరి వంతు వాళ్ళు బిల్లు వచ్చిన వారంలో ఇవ్వాలి.

6. ఎవరి చేపకైనా తేడా కనపడితే ఆ రోజే చెప్పాలి. చెప్పినవాళ్ళని ఎవరూ తప్పు పట్టకూడదు.

ఆరో మాట చెల్లెమ్మ చెప్పి రాయించింది. మోలీలు మళ్ళీ 90 దాకా అయినాయి. ఈసారి పిలగాడే వాటికి పొద్దున మేత వేస్తున్నాడు.